హెడ్‌ఫోన్ ఆంప్ ఎవరికి పనికొస్తుంది, ఏ రకం తీసుకోవాలి

కొంచెం మంచి హెడ్‌ఫోన్ కొన్నామని చెప్పగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న "దీనికి ఆంప్ ఉందా?" అని. (ఆంప్ అంటే ఆంప్లిఫయర్, సిగ్నల్‌కి బలం ఇచ్చే పరికరం.) లేదంటే చాలు, "అయితే నువ్వు సగం కూడా వినట్లేదు" అనేస్తారు. ఈ మాట కొన్ని హెడ్‌ఫోన్ల విషయంలో నూటికి నూరుపాళ్లు నిజం. చాలావాటి విషయంలో మాత్రం ఊరికే డబ్బు వదిలించుకోవడం. మీరు ఏ కోవలోకి వస్తారో తెలుసుకోవడానికి సంగీత జ్ఞానం అక్కర్లేదు, చిన్న లెక్క చాలు, అది కింద చేసి చూపిస్తాను.

ముందు బ్లూటూత్ సంగతి తేల్చేస్తే చాలామందికి ఇక్కడితోనే పని అయిపోతుంది. వైర్‌లెస్ హెడ్‌ఫోన్‌లో, ఇయర్‌బడ్స్‌లో ఆంప్ లోపలే ఉంటుంది. ఫోన్ నుంచి గాల్లో వెళ్లేది డేటా మాత్రమే, కాబట్టి బయటి ఆంప్ తగిలించడానికి మధ్యలో చోటే లేదు. వాటిలో కొన్నిటికి వైరు పెట్టుకునే వీలు కూడా ఉంటుంది, అయినా స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపు ఎక్కువ మోడళ్లలో ఆ సిగ్నల్‌ని లోపలి సర్క్యూటే మళ్లీ పట్టుకుని తన పద్ధతిలో మార్చి వినిపిస్తుంది. దానికి ముందు ఎంత ఖరీదైన ఆంప్ పెట్టినా ఒరిగేదేమీ లేదు. స్టాక్స్ లాంటి ఎలక్ట్రోస్టాటిక్ హెడ్‌ఫోన్లు ఇంకో దారి: వాటికి 580 వోల్టుల బయాస్ (ఎప్పుడూ ఉండే స్థిరమైన వోల్టేజీ) ఇచ్చే ప్రత్యేకమైన ఎనర్జైజర్ కావాలి, మామూలు ఆంప్‌కి అవి అసలు తగలవు. ఇక మిగిలింది మామూలు వైరు హెడ్‌ఫోన్లు, ఇయర్‌ఫోన్లు. ఇదంతా వాటి గురించే.

ఆంప్ చేసే పని

పాట ఫైల్‌లోని అంకెల్ని ఎలక్ట్రికల్ సిగ్నల్‌గా మార్చేది డ్యాక్. ఆ సిగ్నల్‌కి హెడ్‌ఫోన్ లోపలి డ్రైవర్‌ని, అంటే శబ్దం పుట్టించే భాగాన్ని, కదిలించేంత బలం ఇచ్చేది ఆంప్. ఫోన్ జాక్ వెనక, ల్యాప్‌టాప్‌లో, ఫోన్‌కి తగిలించి జాక్ ఇచ్చే వేలెడంత డాంగుల్‌లో కూడా ఈ రెండూ ఉంటాయి. అంటే ఆంప్ లేకుండా ఎవరూ వినట్లేదు, ఇప్పుడున్న ఆంప్ మీ హెడ్‌ఫోన్‌కి సరిపోతోందా లేదా అన్నదే అడగాల్సిన ప్రశ్న.

సరిపోకపోతే ఎలా తెలుస్తుందంటారా? వాల్యూమ్ మొత్తం పెంచినా చాలకపోవచ్చు, లేదా పెద్ద శబ్దాలు వచ్చినప్పుడు గరగరమనొచ్చు. పాట ఆగినప్పుడు వెనక నుంచి సన్నగా "స్‌స్" అనో "గుయ్" అనో వినిపించొచ్చు. అదే ఇయర్‌ఫోన్ ఒకచోట బేస్ ఎక్కువగా, ఇంకోచోట పల్చగా వినిపించొచ్చు. ఈక్వలైజర్ పెట్టగానే శబ్దం మరీ తగ్గిపోవచ్చు. వీటిలో ఒక్కటైనా మీకు ఉంటే విడి ఆంప్ వల్ల నిజమైన లాభం ఉంటుంది. ఏదీ లేకపోతే, ఆ డబ్బుతో ఇంకా మెరుగైన హెడ్‌ఫోన్ కొనుక్కోండి. హెడ్‌ఫోన్ మార్చితే వచ్చే తేడా ముందు ఆంప్ మార్చితే వచ్చే తేడా చాలా చిన్నది. ఇందులో నాకు ఎలాంటి సందేహమూ లేదు.

ఓమ్‌లు చూసి భయపడకండి, సెన్సిటివిటీ చూడండి

హెడ్‌ఫోన్ వివరాల్లో రెండు అంకెలు ముఖ్యం. ఒకటి ఇంపీడెన్స్, అంటే కరెంటుకి హెడ్‌ఫోన్ ఇచ్చే అడ్డు, ఓమ్‌లలో ఉంటుంది. రెండోది సెన్సిటివిటీ, ఒక మిల్లీవాట్ ఇస్తే ఎన్ని డెసిబెల్స్ శబ్దం వస్తుందో చెప్పేది. అందరూ మొదటిదే పట్టుకుని "300 ఓమ్‌లా, అమ్మో ఆంప్ కావాలి" అంటారు, "32 ఓమ్‌లే కదా, ఫోన్ చాలు" అంటారు. రెండో అంకె చూడకుండా ఈ రెండు మాటలూ అనకూడదు.

ఒక ఉదాహరణ పూర్తిగా చూద్దాం. బేయర్‌డైనమిక్ డీటీ 990 ప్రో, 250 ఓమ్‌ల మోడల్. సెన్సిటివిటీ మిల్లీవాట్‌కి 96 డెసిబెల్స్. 250 ఓమ్‌ల మీద ఒక మిల్లీవాట్ రావాలంటే అర వోల్టు కావాలి, అంటే 0.5 వోల్టుకి 96 డెసిబెల్స్. వోల్టేజీ రెట్టింపు చేసిన ప్రతిసారీ 6 డెసిబెల్స్ కలుస్తాయి. యాపిల్ అమ్మే యూఎస్‌బీ-సీ డాంగుల్ గరిష్ఠంగా ఒక వోల్టు ఇస్తుంది, కాబట్టి దాంతో ఈ హెడ్‌ఫోన్ 102 డెసిబెల్స్ దాకా వెళ్తుంది. 2 వోల్టులు ఇచ్చే కాస్త పెద్ద డాంగుల్ అయితే 108. పెద్ద శబ్దాలకి బాగా చోటు ఉండాలని 110 పెట్టుకుంటే 2.5 వోల్టులు, 25 మిల్లీవాట్లు కావాలి.

మరి 102 చాలదా? అది మీరు వినేదాన్ని బట్టి ఉంటుంది. మామూలుగా మనం సగటున 75, 80 డెసిబెల్స్ దగ్గర వింటాం. ఇప్పటి సినిమా పాటలు, పాప్ పాటలు బాగా కుదించి మాస్టర్ చేసినవి, వాటిలో పెద్ద శబ్దాలు సగటు కన్నా ఓ 10 డెసిబెల్స్ పైన ఉంటాయంతే. అలాంటివి వినేవాళ్లకి ఒక వోల్టు డాంగుల్‌తోనే ఇంకా పది డెసిబెల్స్ మిగిలిపోతాయి. ఆర్కెస్ట్రా రికార్డింగులు, జాగ్రత్తగా చేసిన కచేరీ రికార్డింగులు, కొన్ని సినిమాల సౌండ్ అలా కాదు. వాటిలో సగటుకీ శిఖరానికీ 20 డెసిబెల్స్ తేడా మామూలే. సగటు 80 దగ్గర పెట్టుకుంటే శిఖరం 100, డాంగుల్ హద్దు 102. ఒడ్డు దాకా వచ్చేశాం. ఆపైన ఈక్వలైజర్ కూడా వాడితే ఒడ్డు దాటిపోతాం, అది ఎలాగో తర్వాత చెప్తాను.

ఇదే లెక్క ఆడియో టెక్నికా ఏటీహెచ్-ఎం50ఎక్స్‌కి వేస్తే, 38 ఓమ్‌లు, 99 డెసిబెల్స్, 110కి దాదాపు 0.7 వోల్టు సరిపోతుంది. అంటే ఆ ఒక వోల్టు డాంగులే ధారాళంగా చాలు. దానికి పెద్ద డెస్క్ ఆంప్ కొనమని ఎవరైనా చెబితే పక్కన పెట్టేయండి. అదే హైఫైమాన్ హెచ్‌ఈ-6 తీసుకోండి, 50 ఓమ్‌లే, చూడ్డానికి తేలిగ్గా కనిపిస్తుంది. కానీ సెన్సిటివిటీ 83.5 డెసిబెల్స్. 110కి ఇంచుమించు 450 మిల్లీవాట్లు, 4.7 వోల్టులు, 95 మిల్లీయాంపులు లాగుతుంది. ఫోన్ల వల్ల, డాంగుల్‌ల వల్ల అయ్యే పని కాదు. తక్కువ ఓమ్‌లు చూసి ఇలాంటి ప్లేనార్ హెడ్‌ఫోన్ (పల్చటి పొర మొత్తం కదిలి శబ్దం చేసే రకం) కొనేసి, తర్వాత శబ్దం రావట్లేదని బాధపడేవాళ్లు చాలామంది.

ఒక చిన్న మెలిక ఉంది. కొన్ని కంపెనీలు సెన్సిటివిటీని మిల్లీవాట్‌కి చెప్తాయి, కొన్ని ఒక వోల్టుకి చెప్తాయి. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కి ఈ రెండింటి మధ్య 15 డెసిబెల్స్ తేడా వస్తుంది, అంటే వోల్టుకి 115 అని రాసినది మిల్లీవాట్ లెక్కలో 100 మాత్రమే. 300 ఓమ్‌లకి ఆ తేడా 5 డెసిబెల్సే. కాబట్టి రెండు హెడ్‌ఫోన్లను పోల్చేముందు అంకె పక్కన ఏం రాశారో చూడండి. ఏమీ రాయకపోతే ఎక్కువసార్లు మిల్లీవాట్ లెక్కే అయి ఉంటుంది.

ఆంప్ అమ్మేవాళ్ల అంకెల్లోనూ ఇలాంటిదే ఉంటుంది. పెట్టె మీద పెద్దగా వేసే పవర్ దాదాపు ఎప్పుడూ 32 ఓమ్‌ల మీద కొలిచింది. 32 ఓమ్‌ల మీద 30 మిల్లీవాట్లు అంటే దాదాపు ఒక వోల్టు, అదే వోల్టు 300 ఓమ్‌ల మీద 3 మిల్లీవాట్ల పైచిలుకు మాత్రమే ఇస్తుంది. అందుకే హై ఇంపీడెన్స్ హెడ్‌ఫోన్ ఉన్నవాళ్లు వాట్లు వదిలేసి గరిష్ఠ వోల్టేజీ ఎంతో వెతకాలి. తక్కువ ఇంపీడెన్స్, తక్కువ సెన్సిటివిటీ ప్లేనార్లు ఉన్నవాళ్లు కరెంటు ఎంత ఇవ్వగలదో, అంటే 32 ఓమ్‌ల మీద వాట్లు ఎన్నో చూడాలి.

అంతగా ఎవరూ చెప్పని లాభాలు

శబ్దం పెరగడం అందరికీ తెలిసిన లాభం. నా దృష్టిలో అంతకన్నా ఎక్కువమందికి ఉపయోగపడేవి వేరే ఉన్నాయి.

ఔట్‌పుట్ ఇంపీడెన్స్ అందులో మొదటిది. ఆంప్‌కి కూడా లోపల కొంత ఇంపీడెన్స్ ఉంటుంది. హెడ్‌ఫోన్ ఇంపీడెన్స్‌లో అది ఎనిమిదో వంతు కన్నా తక్కువ ఉండాలన్నది వాడుకలో ఉన్న సూత్రం, 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కి 4 ఓమ్‌ల లోపు అన్నమాట. ఎందుకంటే హెడ్‌ఫోన్ ఇంపీడెన్స్ అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా ఒకేలా ఉండదు. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 పేరుకి 300 ఓమ్‌లు, కానీ 100 హెర్ట్జ్ చుట్టుపక్కల 500 దాటేస్తుంది. బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ అనే బుల్లి డ్రైవర్లు వాడే ఇయర్‌ఫోన్లలో హెచ్చుతగ్గులు ఇంకా విపరీతం. ఒక ఇయర్‌ఫోన్ ఒకచోట 10 ఓమ్‌లు, ఇంకోచోట 40 ఓమ్‌లు ఉందనుకోండి, 10 ఓమ్‌ల ఔట్‌పుట్ ఉన్న జాక్‌కి పెడితే మొదటిచోట 6 డెసిబెల్స్ పోతాయి, రెండోచోట 2 మాత్రమే. అంటే మీరు కోరకుండానే ఎవరో 4 డెసిబెల్స్ ఈక్వలైజర్ పెట్టేసినట్టు. పాత స్టీరియో రిసీవర్లలో హెడ్‌ఫోన్ జాక్‌ని స్పీకర్ లైను నుంచే పెద్ద రెసిస్టర్లు పెట్టి తీసేవారు, 120 ఓమ్‌లు అనే అంకె ఐఈసీ 61938 అనే అంతర్జాతీయ ప్రమాణంలోనే కనిపించేది. కొన్ని కంప్యూటర్ల ముందు జాక్‌లలోనూ ఇది ఎక్కువే ఉంటుంది. ఇప్పటి మామూలు సాలిడ్ స్టేట్ (ట్యూబ్‌లు కాక ట్రాన్సిస్టర్లతో పనిచేసే) ఆంప్‌లు చాలావాటిలో ఒక ఓమ్ లోపే. ఆ యాపిల్ డాంగుల్ కూడా దాదాపు అంతే, దాని పరిమాణానికి అది మెచ్చుకోవాల్సిన విషయం. ప్లేనార్ హెడ్‌ఫోన్ల ఇంపీడెన్స్ దాదాపు గీత గీసినట్టు సమంగా ఉంటుంది కాబట్టి వాటికి ఈ బెంగ లేదు.

రెండోది మోత. కంప్యూటర్ ముందు జాక్‌లో మౌస్ కదిపితే కీచుమనడం, గేమ్ ఆడుతుంటే గ్రాఫిక్స్ కార్డుతో పాటు పెరిగే సన్నటి గోల, ఇవి కేబినెట్ లోపలి వైరు పట్టుకునే విద్యుత్ గోల. యూఎస్‌బీ డ్యాక్-ఆంప్ పెడితే అనలాగ్ సిగ్నల్ ఆ పెట్టె బయటే పుడుతుంది కాబట్టి ఎక్కువసార్లు ఒక్క దెబ్బతో పోతుంది. ల్యాప్‌టాప్‌లో "గుయ్" మంటుంటే ముందు ఛార్జర్ తీసి చూడండి. తీయగానే ఆగిపోతే అది ఛార్జర్ దారిలో, గ్రౌండ్ దారిలో వచ్చే మోత. గోడ సాకెట్‌లో పెట్టే ఇంకో ఆంప్ కొంటే అది తగ్గకపోగా కొత్త గ్రౌండ్ లూప్ (రెండు పరికరాల ఎర్త్ వైర్ల మధ్య ఏర్పడి మోత తెచ్చే చుట్టు) తయారవ్వచ్చు. అప్పుడు విడి ఆంప్ కొనడం తలకు తగిలితే మోకాలికి మందు రాసినట్టే. అలాంటి వాళ్లకి బ్యాటరీతో నడిచేది, లేదా బ్లూటూత్ రిసీవర్ సరిగ్గా పనిచేస్తుంది. ఇంకో మాట, డ్యాక్ లేని ఉత్త ఆంప్‌ని అదే పాత జాక్‌కి తగిలిస్తే పాత గోలని కూడా కలిపి పెంచుతుంది. మోత సమస్య అయితే డ్యాక్, ఆంప్ రెండూ కలిసినదే కొనండి.

మూడోది ఈక్వలైజర్‌కి చోటు. హెడ్‌ఫోన్లని ఈక్వలైజర్‌తో సరిదిద్దుకోవడం ఇప్పుడు చాలామంది చేస్తున్నారు, చేయాలి కూడా, ఖర్చు లేకుండా వచ్చే అతి పెద్ద మెరుగుదల అదే. బేస్‌ని 6 డెసిబెల్స్ పెంచాలంటే సిగ్నల్ హద్దు దాటి పగలకుండా మొత్తం వాల్యూమ్‌ని ముందే 6 డెసిబెల్స్ తగ్గించాలి, దాన్నే ఈక్వలైజర్ యాప్‌లలో ప్రీఆంప్ అని మైనస్‌లో పెడతాం. ఇందాకటి డీటీ 990కి వెళ్తే, డాంగుల్ ఇచ్చే 102లో ఈ 6 పోతే 96 మిగిలింది. ఆర్కెస్ట్రా శిఖరానికి 100 కావాలి. ఇక్కడ ఆంప్ అవసరం స్పష్టంగా కనిపిస్తుంది: ఈక్వలైజర్ లాక్కున్నదాన్ని ఆంప్ గెయిన్, అంటే సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందో అది, తిరిగి ఇస్తుంది. ఓపెన్ బ్యాక్ (వెనక మూసి ఉండని) హెడ్‌ఫోన్‌లో లోతు బేస్ పెంచుకునేవాళ్లు ఆంప్ కొనడానికి ఇంతకన్నా మంచి కారణం నాకు కనిపించలేదు.

గుండ్రటి వాల్యూమ్ నాబ్ చేతికి దగ్గరగా ఉండటం కూడా రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకి చిన్న లాభమేమీ కాదు. ఫోన్ వచ్చిన వెంటనే చెయ్యి వేసి తిప్పేయొచ్చు.

ఆంప్ చేయనివి

మంచి ఆంప్ ట్రెబుల్ మెత్తగా చేయదు, వాయిద్యాల మధ్య దూరం పెంచదు, బొంగురుగా ఉన్న హెడ్‌ఫోన్‌ని బాగు చేయదు. ఔట్‌పుట్ ఇంపీడెన్స్ తక్కువ ఉండి, డిస్టార్షన్ లేకుండా, పవర్ చాలినంత ఇచ్చే రెండు ఆంప్‌లు ఒకే శబ్ద స్థాయిలో పెట్టి వింటే తేడా పట్టుకోవడం చాలా చాలా కష్టం. పట్టుకున్నామని అనిపించేది ఎందుకంటే కొత్తది దాదాపు ఎప్పుడూ కాస్త ఎక్కువ శబ్దంతో మోగుతుంది. 1933లోనే బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మున్సన్ అనే శాస్త్రవేత్తలు చూపించారు, శబ్దం తక్కువగా ఉన్నప్పుడు మన చెవి బేస్‌ని సరిగా పట్టుకోదు, పెంచుతున్నకొద్దీ బేస్ నిండుగా వినిపిస్తుంది. కాబట్టి ఒక డెసిబెల్ ఎక్కువ ఉన్న ఆంప్ "నిండుగా, ప్రాణం ఉన్నట్టుగా" వినిపించడంలో ఆశ్చర్యం లేదు.

సరిగ్గా పోల్చాలంటే మల్టీమీటర్ ఉంటే చాలు. 100 హెర్ట్జ్ టోన్ ప్లే చేసి, హెడ్‌ఫోన్ తగిలించే ఉంచి, స్ప్లిటర్ రెండో వైపు నుంచి ఏసీ వోల్టేజీ కొలవండి. రెండు ఆంప్‌ల మీదా అదే అంకె వచ్చేలా నాబ్ తిప్పి, ఆ తర్వాత పాట వినండి. ఏది మోగుతోందో మీకు తెలియకుండా ఇంకొకరు మార్చుతుంటే మరీ మంచిది. ఇలా చేశాక కూడా తేడా తెలిస్తే నిస్సంకోచంగా కొనుక్కోండి.

ఏది ఎవరికి

డాంగుల్‌తో మొదలుపెట్టండి. 2016లో ఐఫోన్ 7 నుంచి జాక్ పోవడం మొదలయ్యాక ఇవి ఇంటింటికీ వచ్చేశాయి, ఇప్పుడు వచ్చే మంచి డాంగుల్‌లు కొలతల్లో ఒకప్పటి డెస్క్ పరికరాలతో పోటీ పడతాయి. ఇయర్‌ఫోన్లు, 32 నుంచి 80 ఓమ్‌ల మామూలు డైనమిక్ (కాయిల్‌తో కదిలే డ్రైవర్ ఉన్న) హెడ్‌ఫోన్లు వాడేవాళ్లలో ఎక్కువమందికి ఇదే చివరి గమ్యం. చూసుకోవాల్సినవి రెండు. యాపిల్ డాంగుల్ యూరప్‌లో అమ్మే రకం అర వోల్టే ఇస్తుంది. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ డాంగుల్ పూర్తి వాల్యూమ్‌కి వెళ్లదు కూడా, లోపలి వాల్యూమ్‌ని ఫోన్ పైకి జరపదు కాబట్టి. యూఎస్‌బీ ఆడియో ప్లేయర్ ప్రో లాంటి యాప్‌తో దాన్ని దాటొచ్చు గానీ ఆ యాప్‌లో వినేదానికే అది వర్తిస్తుంది. ఆండ్రాయిడ్ వాళ్లు వేరే కంపెనీ 2 వోల్టుల డాంగుల్ తీసుకుంటే ఈ గొడవే ఉండదు. పెద్ద డాంగుల్‌లు ఫోన్ బ్యాటరీ తాగుతాయి, వేడెక్కుతాయి, అది తెలిసే కొనండి.

బ్యాటరీ ఉన్న చిన్న బ్లూటూత్ డ్యాక్-ఆంప్‌లు నాకు బాగా ఇష్టమైన కోవ. క్యూడెలిక్స్ 5కే దీనికి మంచి ఉదాహరణ: మామూలు జాక్‌లో 2 వోల్టులు, బ్యాలెన్స్‌డ్ జాక్‌లో (రెండు చెవులకూ పూర్తిగా విడి వైర్లు పెట్టి ఎక్కువ వోల్టేజీ ఇచ్చే జాక్) 4 వోల్టులు, పైగా పారామెట్రిక్ (ఏ ఫ్రీక్వెన్సీని ఎంత మార్చాలో మీరే పెట్టుకునే) ఈక్వలైజర్ పరికరంలోనే ఉంటుంది, ఫోన్ మార్చినా ల్యాప్‌టాప్‌కి పెట్టినా మీ సెట్టింగ్ మీతోనే వస్తుంది. 4 వోల్టులంటే డీటీ 990 మీద 64 మిల్లీవాట్లు, 114 డెసిబెల్స్, అంటే ఈక్వలైజర్‌కి 6 వదిలేసినా 108 మిగులుతుంది. ఛార్జర్ మోత ఉన్నవాళ్లకీ, ఒకే హెడ్‌ఫోన్‌ని ఫోన్‌కీ కంప్యూటర్‌కీ మార్చి మార్చి వాడేవాళ్లకీ నా మొదటి సలహా ఇదే. ఛార్జింగ్ పెట్టడం ఇంకో పని, కాలం గడిచాక బ్యాటరీ నీరసిస్తుంది, ఆ రెండూ ఒప్పుకుంటేనే.

డెస్క్ మీద పెట్టే సాలిడ్ స్టేట్ ఆంప్ ప్లేనార్లు, 250 ఓమ్‌ల పైవి ఉన్నవాళ్లకి. జేడీఎస్ ల్యాబ్స్, షిట్, టాపింగ్, ఫియో లాంటి కంపెనీల చిన్న ఆంప్‌లే హెచ్‌ఈ-6 లాంటి మొండిఘటాలు మినహా మిగతా అన్నిటికీ మించిన పవర్ ఇస్తాయి. వాటిపై శ్రేణికి వెళ్తే మీకు దొరికేది ఎక్కువ జాక్‌లు, రిమోట్, అందమైన పెట్టె, అంతే. ఇయర్‌ఫోన్ల కోసం మాత్రం ఇలాంటిది కొనకండి. 16 ఓమ్‌లు, 110 డెసిబెల్స్ ఉన్న ఇయర్‌ఫోన్‌కి 110 రావడానికి ఒక్క మిల్లీవాట్, 0.13 వోల్టు చాలు. పెద్ద ఆంప్‌లో నాబ్ కదిలీ కదలకముందే చెవులు చిల్లులు పడతాయి, అంత కిందన నాబ్‌లోని పొటెన్షియోమీటర్ రెండు వైపులా సమంగా ఉండదు కాబట్టి ఎడమ పక్క ఎక్కువ, కుడి పక్క తక్కువ వినిపిస్తుంది, వెనక హిస్, అంటే ఇందాక చెప్పిన సన్నటి గోల, కూడా తేలుతుంది. రెండూ వాడేవాళ్లు లో గెయిన్ స్విచ్ ఉన్నది తప్పనిసరిగా చూసుకోవాలి.

ట్యూబ్ ఆంప్‌ల గురించి ఉన్నమాట చెప్తాను. బాటిల్‌హెడ్ క్రాక్ లాంటి ట్రాన్స్‌ఫార్మర్ లేని ట్యూబ్ ఆంప్‌లలో ఔట్‌పుట్ ఇంపీడెన్స్ ఎక్కువ. హెచ్‌డీ 600కి 120 ఓమ్‌ల ఔట్‌పుట్ కలిపి లెక్క వేస్తే 100 హెర్ట్జ్ దగ్గర ఒక డెసిబెల్ పైన పెరుగుతుంది, కాస్త డిస్టార్షన్ కూడా కలుస్తుంది. ఆ వెచ్చదనం నిజమే, ఊహ కాదు, కానీ అది 300 ఓమ్‌ల పైన డైనమిక్ హెడ్‌ఫోన్లతోనే. తక్కువ ఇంపీడెన్స్ ప్లేనార్లని, ఇయర్‌ఫోన్లని దానికి తగిలించొద్దు. ఆ ఒక్క డెసిబెల్ కోసమే అయితే ఈక్వలైజర్ చాలు. చీకట్లో ట్యూబ్‌లు వెలుగుతుంటే వినడంలోని ఆనందం కోసం అయితే, అది కూడా కొనడానికి సరైన కారణమే.

మైకు, గిటార్ రికార్డు చేసుకునేవాళ్ల దగ్గర ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంటే ఇంకేదీ కొనకముందు దాని హెడ్‌ఫోన్ జాక్‌ని వాడి చూడండి. కొన్నిటిలో ఔట్‌పుట్ ఇంపీడెన్స్ కాస్త ఎక్కువ ఉంటుంది, కానీ 250 ఓమ్‌ల స్టూడియో హెడ్‌ఫోన్‌కి అది ఇబ్బందే కాదు.

బ్యాలెన్స్‌డ్ జాక్, అంటే సాధారణంగా 4.4 లేదా 2.5 మిల్లీమీటర్ల పిన్, కావాలా అని చాలామందికి టెన్షన్. అది శబ్ద నాణ్యత మార్చే మంత్రం కాదు. ఒకే పరికరంలో వోల్టేజీ రెట్టింపు వస్తుంది, అంటే హై ఇంపీడెన్స్ మీద నాలుగు రెట్ల పవర్. అది మీకు అవసరమైతే వాడండి. మామూలు జాక్‌లోనే చాలినంత వస్తుంటే కొత్త కేబుల్ మీద డబ్బు పెట్టకండి. దాని ఔట్‌పుట్ ఇంపీడెన్స్ కూడా రెట్టింపవుతుందని ఇయర్‌ఫోన్ వాళ్లు గుర్తుంచుకోవాలి.

పవర్ ఎక్కువున్న ఆంప్ ఇంటికి తెచ్చుకున్నాక చెవుల సంగతి మర్చిపోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు, 90 దగ్గర 4 గంటలే. డిస్టార్షన్ లేని శబ్దం నిజంగా ఉన్నంత పెద్దగా ఉన్నట్టు అనిపించకపోవచ్చు, ప్రమాదం అక్కడే ఉంది. పైన లెక్కల్లో వాడిన 110 కూడా క్షణకాలపు శిఖరాల కోసం, అక్కడ పెట్టుకుని వినడానికి కాదు. ఇయర్‌ఫోన్, పెద్ద హెడ్‌ఫోన్ మార్చి మార్చి వాడే ఇంట్లో నాబ్‌ని సున్నాకి తిప్పాకే పిన్ పెట్టడం అలవాటు చేసుకోండి.

కొన్న ఆంప్ వచ్చిన రోజే, తిరిగి ఇచ్చే గడువు ఉండగానే, ఇవి చూడండి. ఏమీ ప్లే చేయకుండా మీరు వినే స్థాయికి నాబ్ తిప్పి, మీ దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా సెన్సిటివ్ ఇయర్‌ఫోన్ పెట్టుకుని హిస్ ఉందేమో వినండి. మోనో రికార్డింగ్ ఒకటి ప్లే చేసి, నాబ్‌ని అట్టడుగు నుంచి మెల్లగా పెంచుతూ గొంతు సరిగ్గా మధ్యలో ఏ స్థానం నుంచి నిలబడుతోందో చూడండి, మీరు రోజూ వినే స్థాయి దానికన్నా కింద ఉంటే గెయిన్ తగ్గించండి, అప్పటికీ కుదరకపోతే ఆ ఆంప్ మీ హెడ్‌ఫోన్‌కి కాదు. ల్యాప్‌టాప్ వాళ్లు ఛార్జర్ పెట్టి ఒకసారి, తీసి ఒకసారి వినాలి. పవర్ ఆన్ చేసినప్పుడు, ఆఫ్ చేసినప్పుడు "టప్" మనే శబ్దం గట్టిగా వస్తే హెడ్‌ఫోన్ తగిలించి ఉండగా ఆ స్విచ్ ముట్టుకోకండి. అది మరీ ఎక్కువగా ఉంటే మొహమాటపడకుండా వెనక్కి పంపేయండి.